పాలలో పంచదార

ఏది చెప్పాలన్నా ముందు ఆమె రెండు వేళ్ళతో అత్తగారి మోకాలి మీద రెండుసార్లు తడుతుంది. అత్తగారు తల తిప్పుతుంది. చూపు వచ్చి ఆమె పెదవుల మీద ఆగుతుంది. అప్పుడు ఆమె గొంతు లేకుండా మాట్లాడుతుంది.

అత్తగారికి చెవులు పూర్తిగా పోయాయి. ఒక జ్వరం వచ్చి, వెళ్తూ వెళ్తూ వాటిని తీసుకుపోయింది. కొడుకు బస్సు డ్రైవరు. ఇంట్లో ఉన్న కాసేపూ తల్లి ముఖంలో ముఖం పెట్టి అరుస్తాడు. అరిస్తే నోరు వంకర పోతుంది, మాట కనపడదు. కూతురూ అంతే. ముసలావిడకు అర్థమయ్యే నోరు ఆ ఇంట్లో ఒక్కటే, కోడలిది.

ఆ విద్య ఆమెకు ఇంట్లో రాలేదు. పెళ్ళికి ముందు నుంచే ఆమె మరమగ్గాల షెడ్డులో పని చేస్తోంది. తెగిన పోగు ఎక్కడుందో చూసి, ముడి పైకి తేలకుండా అతకడం ఆమె పని. మగ్గాలు ఆడుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. అక్కడి ఆడవాళ్ళంతా పెదవులతోనే మాట్లాడుకుంటారు. తిట్లు, సరసాలు, ఇంటి గొడవలు, అన్నీ చప్పుడు లేకుండా నడుస్తాయి. మేస్త్రీ ఎదురుగా నిలబడి ఉండగానే అతని బట్టతల మీద నవ్వుకుంటారు. అతనూ నవ్వుతాడు, ఎందుకో తెలియకుండా.

చెవులు పోయిన కొత్తలో అత్తగారికి అందరిమీదా అనుమానం పుట్టింది. ఇద్దరి పెదవులు కదిలితే అది తన గురించే. "నన్ను వదిలించుకోవాలని చూస్తున్నారు," అని పక్కింటావిడకు రహస్యంగా చెప్పింది. తన గొంతు తనకు వినపడదు కనుక ఆ రహస్యం వీధి చివరిదాకా వెళ్ళింది. గుండెకు వేసుకోవాల్సిన మాత్ర మింగుడు పడడం లేదంటే, పొడి చేసి పాలలో కలిపి ఇమ్మన్నాడు డాక్టరు. కోడలు తెచ్చిన గ్లాసును ఆవిడ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పెట్టి చూసేది. ఒకరోజు తాగేది. ఒకరోజు కిటికీలోని మొక్క కుండీలో పోసేది. మొక్క వాడిపోలేదు. అయినా నమ్మలేదు.

సాయంత్రం ఇద్దరూ ఒక సీరియల్ చూసేవాళ్ళు. బొమ్మ టీవీలో ఉండేది, మాట కోడలి నోట్లో.

అలాంటి ఒక సాయంత్రం ఆమె మాత్ర కలిపిన పాలు తెచ్చి అత్తగారి చేతికిచ్చింది. సరిగ్గా అప్పుడే తెర మీద ఆ ఇంటి చిన్నకోడలు వంటగదిలో ఒంటరిగా నిలబడింది. ముందు ఒక పాలగ్లాసు. అది మామగారి కోసం. చిన్నకోడలు వెనక్కి చూసి గుప్పిట విప్పింది. కాగితం పొట్లం, తెల్లటి పొడి. గ్లాసులోకి వంపి చెంచాతో తిప్పింది.

అత్తగారు తన గ్లాసును పెదవుల దాకా తీసుకెళ్ళి ఆపింది. తెర చూసింది. పాలలోకి చూసింది. కోడలి వైపు తిరిగింది.

"ఏం వేసింది?"

ఆమె వేళ్ళు మోకాలి మీద రెండుసార్లు తట్టాయి.

"పంచదార," అంది.

అత్తగారు తాగింది.

మర్నాటి భాగంలో ఆ మామగారు పోయాడు. గుండె ఆగిందని ఆమె చెప్పింది. అక్కడి నుంచి ఆ సీరియల్ రెండైంది. ఊరందరూ చూసేది ఒకటి, అత్తగారు చూసేది ఒకటి. చిన్నకోడలు అద్దం ముందు నిలబడి వణికితే, మామగారు గుర్తొచ్చి ఏడుస్తోంది. తోటికోడలు వేలు చూపించి నిలదీస్తే, అవి తాళాల గురించిన తగాదాలు. తవ్విన చోట పొట్లం కాగితం బయటపడితే, అది ఎవరో రాసిన ఉత్తరం. ఇవన్నీ తెర మీద నోళ్ళు కదులుతుండగానే అల్లాలి. మగ్గం దగ్గర పోగులు అతుకుతూ ఆమె రేపటి మాటల కోసం భయపడేది. ఒక ముడి వేస్తే దాని పక్కన ఇంకొకటి వేయాల్సి వచ్చేది.

నాలుగేళ్ళు అలా సాగింది. "ఆ పిల్లకు నోట్లో నాలుక లేదు. అందరూ ఆడిపోసుకుంటారు పాపం," అనేది అత్తగారు. ఒకసారి కోడలి తల మీద చెయ్యి వేసి, "అచ్చం నీలాగే," అంది. అప్పటికి గ్లాసును వెలుగులో పెట్టి చూడడం మానేసి చాలాకాలమైంది.

ఆ సీరియల్ ఒక్కటి తప్ప ఆమె ఇంకెక్కడా మాట మార్చలేదు. గదిలో ఉన్న మనిషి ఏదంటే అదే చెప్పేది. "గుండె బలహీనంగా ఉంది," అని డాక్టరు అంటే అదే చెప్పింది. "అమ్మకు చాదస్తం ముదిరింది," అని ఆడపడుచు అంటే అదీ చెప్పింది.

ఆడపడుచు కొరకొరా చూసింది. "అన్నీ మొయ్యాలా?"

"మీరు అన్నారు కదా వదినా."

తర్వాత ఒకరోజు ప్రకటనల మధ్య తెర నిండా ఒక పాలగ్లాసు కనిపించింది. ఈ ఆదివారం ఆఖరి భాగం, అని దాని కింద అక్షరాలు మెరిశాయి. అత్తగారు కూడబలుక్కుని చదివి, "అప్పుడే అయిపోతోందా," అంది దిగులుగా.

మర్నాడు షెడ్డులో పక్కమగ్గం అక్క మగ్గం మీదుగా తొంగిచూసి పెదవులు కదిపింది. "ఆదివారం సాయంత్రం పొయ్యి వెలిగించేది లేదని మా ఆయనకు చెప్పేశాను."

"ఎలా ముగిస్తాడంటావ్ అక్కా?"

"దొరికిపోతుంది. దొరక్క ఏం చేస్తుంది?"

"దొరక్కుండా ముగిస్తే?"

"ఏమే, అది నీకేమన్నా చుట్టమా? నాలుగేళ్ళు ఊపిరి బిగబట్టి చూశాం. ఆ గ్లాసు మళ్ళీ రావాలి. ఆ గ్లాసే దాన్ని పట్టివ్వాలి. అంతేగానీ అందరినీ సోఫాలో కూర్చోబెట్టి, ఫోటో తీసి, శుభం అన్నాడనుకో, టీవీ పగలగొడతా."

"అది మంచిదని తేలితే?"

"రెండు టీవీలు పగలగొడతా. పక్కింటివాళ్ళది కూడా."

ఆమె నవ్వబోయింది. ఆ లోపలే తన మగ్గం మీద ఒక పోగు తెగి, గుడ్డ మీద సన్నటి గీత పరుగెత్తింది. మేస్త్రీ వచ్చి మగ్గం ఆపి అరిచాడు. ఆమెకు వినపడలేదు. అతని నోరు మాత్రం చదవగలిగింది. కళ్ళెక్కడ పెట్టుకున్నావ్, అంటున్నాడు.

ఆ వారమంతా ఆమె భయం ఒక్కటే. అబద్ధం బయటపడితే అత్తగారు తిడుతుందని కాదు. మర్నాడు పాలగ్లాసు తెస్తే ఆ చేతిని ఎలా చూస్తుంది? డాక్టరు అన్నాడని ఇన్నాళ్ళూ తను చెప్పినవన్నీ ఏమవుతాయి? ఆవిడకు ఇంకో నోరు లేదు. మళ్ళీ ఆ కుండీ, ఆ కిటికీ. ఈసారి గుండె అన్నాళ్ళు తట్టుకోదు.

అందుకని తన సీరియల్‌కు తనే ఒక ముగింపు తయారు చేసుకుంది. పోలీసులు వస్తారు, అది తప్పేట్టు లేదు. ఎవరో చేసిన నేరం చిన్నకోడలు తన మీద వేసుకుంటుంది. అత్తగారు ఏడుస్తుంది, ఏడ్చి పాలు తాగుతుంది. స్నానాలగదిలో చిన్న అద్దం ముందు ఆ మాటలు పెదవులతో పలికి చూసుకుంది. సరిగ్గానే కుదిరాయి. ఆ పిల్ల అలాగే చేస్తుంది అనిపించింది. కాసేపు భయం తగ్గింది.

ఆదివారం మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్ చేసింది. "సాయంత్రం వస్తున్నా. మా ఆయన మ్యాచ్ పెట్టుకుని కూర్చున్నాడు. అయినా ఆఖరిది అమ్మతో కలిసి చూడాలి."

ఆమె ఫోన్ పెట్టేసి, టీవీ వెనక్కి వెళ్ళి, కేబుల్ వైరు సగం ఊడదీసింది.

ఆడపడుచు వచ్చింది, పళ్ళ సంచీతో, కబుర్లతో. టీవీ పెడితే తెరంతా చుక్కలు.

"రావట్లేదు వదినా. పాడైనట్టుంది."

"అంత తొందరగా ఒప్పేసుకుంటావేం?" ఆడపడుచు టీవీ వెనక చతికిలబడి చెయ్యి పెట్టింది. "ఇదిగో, వైరు ఊడింది. ఇంట్లో ఎలుకలున్నాయా?"

"ఉన్నట్టున్నాయి," అంది ఆమె.

బొమ్మ వచ్చింది. ముగ్గురూ కూర్చున్నారు, అత్తగారు మధ్యలో.

తెర మీద చిన్నకోడలు ఒక గ్లాసుతో నడిచి వచ్చింది. వాలుకుర్చీలో తన అత్తగారు. ఆ గ్లాసు ముందు పెట్టి నిలబడింది.

ఇక్కడ ఆమె అత్తగారి మోకాలి మీద తట్టింది. "'తాగండి అత్తయ్యా' అంటోంది." అంతవరకూ నిజమే.

తెర మీది మనిషి ఒక్కసారిగా ఏడ్చేసింది. ఆ రోజు పాలలో ఏం కలిపిందో చెబుతోంది. ఈ పాలలో ఏమీ కలపలేదని, అయినా మీరు తాగరని నాకు తెలుసనీ అంటోంది. ఆమె తను తయారు చేసుకున్న మాటలు అందుకుంది. "'ఆ తప్పు నాది కాదు. అయినా నా మీద వేసుకుంటాను' అంటోంది." అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాలుకుర్చీలోని ముసలావిడ గ్లాసును చేత్తో పక్కకు నెట్టింది. పాలు నేల మీద పారాయి. గుమ్మంలో పోలీసులు.

"అబ్బ!" అంది ఆడపడుచు, తనూ ముక్కు తుడుచుకుంటూ. "ఏం ముగించాడే! ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడికే తెచ్చాడు." తర్వాత తల్లి వైపు తిరిగి చూసింది. "ఇదేంటమ్మా, ఆ దయ్యం కోసం ఏడుస్తున్నావా?"

అత్తగారికి మాట అందలేదు. ఆడపడుచు అరిచింది. అప్పుడూ అందలేదు. దాంతో ఆడపడుచు అభినయం మొదలుపెట్టింది. ఎడమచెయ్యి గ్లాసు. కుడిచేత్తో చిటికెడు పొడి వేసింది. వేలితో తిప్పింది. గుండె పట్టుకుంది, కళ్ళు తేలేసింది, నాలుక బయట పెట్టింది.

అత్తగారు అదంతా జాగ్రత్తగా చూసింది.

"అది పంచదార," అంది.

ఆడపడుచు పడీ పడీ నవ్వింది. "పంచదారా! విషమే తల్లీ, విషం!"

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "అదేమంటోంది?"

ఆమె వేళ్ళు గాలిలో ఆగిపోయాయి. చెప్పడానికి మాట సిద్ధంగా ఉంది. సరదాకి ఆటపట్టిస్తోంది అంటే చాలు. గుండె చప్పుడు మగ్గాల చప్పుడులా ఉంది, ఇంకేమీ వినపడడం లేదు. కానీ ఇది తెర మీది మనిషి అన్న మాట కాదు. గదిలో ఉన్న మనిషి అన్న మాట.

తట్టింది, రెండుసార్లు.

"విషం అంటోంది."

"నువ్వు పంచదార అన్నావ్."

"అన్నాను."

"ఏది నిజం?"

"విషం."

"మరెందుకలా చెప్పావ్?"

"అప్పుడు మీ చేతిలో గ్లాసుంది అత్తయ్యా."

ఆడపడుచు నవ్వు ఆపి ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసింది. కోడలి పెదవులు కదలడమే తప్ప తనకేమీ వినపడలేదు. "ఏమంటోంది? నాకూ చెప్పండి," అంది.

అత్తగారు టీవీ వైపు తిరిగింది. పనిచేసినవాళ్ళ పేర్లు పైకి జరుగుతున్నాయి. చివరి పేరు దాకా చూసింది.

"ఆ పిల్ల అలాంటిది కాదు," అంది పెద్ద గొంతుతో. "వీళ్ళకి ముగించడం చేతకాలేదు."

లేచి గదిలోకి వెళ్ళింది. ఆడపడుచు వెళ్ళాక ఆమె పాలు తీసుకెళ్ళింది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మోకాలి మీద తట్టడానికి ఆమెకు ధైర్యం రాలేదు. గ్లాసు స్టూలు మీద పెట్టి వచ్చింది.

తెల్లవారి చూస్తే గ్లాసు పెట్టినచోటే ఉంది. పాల మీద మీగడ కట్టి, అంచు దగ్గర ముడతలు పడింది.

ఆమె ఆ పాలు పారబోసింది. కొత్తగా పాలు కాచింది. గ్లాసు, మాత్రల అట్ట, రెండు చెంచాలు, పంచదార డబ్బా ఒక పళ్ళెంలో పెట్టుకుని గదిలోకి వెళ్ళింది. అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. ఆమె ఎదురుగా కూర్చుని, అట్టలోంచి మాత్ర తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని వెలుగులో తిప్పి చూసి తిరిగి ఇచ్చింది. ఆమె రెండు చెంచాల మధ్య నలిపింది. కొంత పొడి పళ్ళెంలో పడితే, అదీ ఎత్తి పాలలో వేసింది. డబ్బా తెరిచి ఒక చెంచా పంచదార వేసి తిప్పింది. గ్లాసు అందించింది.

అత్తగారు గ్లాసు పట్టుకుని కోడలి పెదవుల వైపు చూసింది. అవి కదలలేదు. చాలాసేపు చూసింది. ఒక గుక్క తాగింది.

"పంచదార చాల్లేదు," అంది.

ఆమె ఇంకో చెంచా తీసి, ఆవిడ చూస్తుండగా వేసింది. కరిగిపోయాక కూడా తిప్పుతూనే ఉంది.