నీలం గీతల చొక్కా

దర్జీకి మొహాలు గుర్తుండేవి కావు, భుజాలు గుర్తుండేవి. ఎదురుపడి నవ్వినవాడెవరో తెలియక తెల్లమొహం వేసేవాడు. వాడు వెనక్కి తిరగ్గానే ఎడమ భుజం అర అంగుళం దిగుడనీ, మెడ పదిహేనున్నరనీ చప్పున తట్టేది. ముప్పై ఏళ్లలో ఒక్క కొలతా కాగితం మీద పెట్టలేదు. వీధిలో అతన్ని టేపు అనేవారు. మనిషిని చూస్తే చాలు, గుడ్డ దానంతటదే తెగుతుందని ఎదురుగా ఇస్త్రీ చేసే ఆయన ఆటపట్టించేవాడు. పైకి విసుక్కున్నా దర్జీ లోపల పొంగిపోయేవాడు.

పెళ్లి చేసుకోలేదు. అన్నావదినలతోనే ఉండేవాడు, కింది గదిలో మిషను. గిడ్డంగిలో కాపలా పని చేసే అన్న పొద్దున్న ఏడింటికి మెట్లు దిగి, గుమ్మం ముందు నుంచి వెళ్తూ "వెళ్లొస్తా రా" అనేవాడు. దర్జీ "ఊఁ" అనేవాడు. ఇరవై ఏళ్లుగా అదే మాట, అదే ఊఁ.

ఒకరోజు అలా వెళ్లినవాడు సాయంత్రానికి తిరిగి రాలేదు. గిడ్డంగిలో అడిగితే అసలు పనిలోకే రాలేదన్నారు.

మర్నాడు పోలీసు స్టేషనులో, ఏం బట్టలు వేసుకున్నాడని కానిస్టేబులు అడిగాడు. గోధుమరంగు చొక్కా అనుకుంటానండీ అని వదిన నసిగింది.

"నీకు తెలీదులే వదినా. నీలం గీతలది. నేను కుట్టిందే. మెట్లు దిగుతుంటే చూశాగా, కాలరు వెనక మడతపడి ఉంది."

అంత వివరంగా చెప్పేవాణ్ణి ఎవరు కాదంటారు? కానిస్టేబులు నీలం అని రాసుకున్నాడు. చొక్కాల సంగతి తనకంటే మరిదికే తెలుసుననుకుని వదిన కూడా తలూపింది.

ఇద్దరూ ఆసుపత్రులన్నీ తిరిగారు. పెద్దాసుపత్రి గుమాస్తా చిట్టా తిరగేసి, లారీ గుద్దిన మనిషొకడు పైఅంతస్తులో ఉన్నాడనీ, పేరూ ఊరూ తెలియలేదనీ, వచ్చినప్పుడు ఒంటి మీద గోధుమరంగు చొక్కా ఉందనీ చెప్పాడు. ఒకసారి చూసొద్దామంది వదిన. మనవాడు కాదని దర్జీ గేటు వైపు నడిచాడు. ఇరవై మెట్లు ఎక్కితే సరిపోయేది.

ఏడో రోజు, ఎవరిదో లాగు కోసం కొక్కేలకు తగిలించిన బట్టలు వెతుకుతుంటే నీలం గీతల చొక్కా చేతికొచ్చింది. కాలరు సరిచేయమని, కనపడకుండా పోవడానికి రెండు రోజుల ముందు అన్నే ఇచ్చి వెళ్లాడు. అన్న వెళ్లిన రోజు ఏడింటికి దర్జీ తల ఎత్తనే లేదు. కళ్లు కుడుతున్న కాజా మీదే ఉన్నాయి, నోరు ఊఁ అంది. చూడని పొద్దును పూడ్చడానికి మనసు వేరే పొద్దు నుంచి ముక్క కత్తిరించి తెచ్చి, అతుకు తెలియకుండా కుట్టేసింది.

వదినని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. మంచం ఖాళీగా ఉంది.

"నిన్న సాయంత్రం దాకా ప్రాణంతో ఉన్నాడండీ," అంది నర్సు. "మాట లేదు గానీ, ఎవరు లోపలికొచ్చినా తల తిప్పి చూసేవాడు."

వదిన తిట్టినా బాగుండేది. వేళకి అన్నం పెట్టేది, అంతే. దర్జీ ఒక నోటుబుక్కు కొన్నాడు. ప్రతి కొలతా రెండుసార్లు తీసి రాసుకునేవాడు, రాసింది మళ్లీ చదువుకునేవాడు. టేపుకి ఏమైందని వీధిలో నవ్వుకున్నారు. ఇస్త్రీ ఆయన మాత్రం నవ్వలేదు.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం, కంచం ముందు కూర్చుని ఉండబట్టలేక అన్నాడు.

"అబద్ధమని తెలిసినా, ఇప్పటికీ నాకు నీలం చొక్కాతోనే దిగి వెళ్తూ కనిపిస్తాడు వదినా."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నాకు వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూ కనిపిస్తారు," అంది. "ఆయన ఎన్నడూ ఊపలేదు. ఆ రోజు నేను తలుపు దాకా రానూ లేదు."