ముప్పై లెక్కపెట్టి మాట్లాడే మామ

పోయిన వారం మా మేనమామ చనిపోయాడు. నగరి నుంచి అత్త ఫోన్ చేసి చెప్పింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నవాడు మళ్లీ లేవలేదట. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. నెల రోజులుగా మా ఆఫీసు ఫోన్‌లో పేరుకుపోయిన ఆయన మిస్డ్ కాల్స్ గుర్తొచ్చాయి.

మామ బతుకంతా పవర్‌లూమ్ షెడ్డులోనే గడిచింది. ఆ రొదకు చెవులు పోయాయి. "మగ్గం కూడు పెట్టింది, చెవులు పెరుక్కునింది. యాడికి పోయి అడిగేదిరా?" అని నవ్వేవాడు. చెవి మిషను పెట్టించుకోమని ఏళ్ల తరబడి పోరు పెట్టాను. "ఈ వయసులో నాకు చెవులకు సొమ్ములు పెట్టి సూడాలనా?" అని దాటేసేవాడు.

అలాంటి మనిషితో ఫోన్లో మాట్లాడటం అయ్యే పని కాదు. కానీ తిరుపతిలో మా ట్రావెల్స్ ఆఫీసుకు పెట్టుకున్న ఇంటర్నెట్ ఫోన్ ఆయనకు భలే కుదిరింది. మేం ఎత్తకపోతే కుయ్‌మని ఒక చప్పుడు వస్తుంది. ఆ తర్వాత మాట్లాడినదంతా రికార్డయి నా మొబైల్‌కు చేరుతుంది. ఆ కుయ్ కూడా మామకు వినబడదు కదా! అందుకని నంబరు నొక్కి ముప్పై లెక్కపెట్టి మాట్లాడమన్నాను. ఆయన నంబరు కనబడితే ఎవరూ ఎత్తకూడదని ఆఫీసులో కట్టడి పెట్టాను.

ఇక రోజూ ఆయన కబుర్లే. "రేయ్ అబ్బోడా, మీ అత్త రోట్లో ఊరిబిండి పచ్చడి నూరింది. నీకు లేదు. ఫోను పెట్టేస్తా ఉండా." అంతే. "నువ్వు వినేదానికి నా చెవులెందుకురా, నా నోరు సాలు" అనేవాడు.

ఒకరోజు ఆ ఫోన్ కంపెనీ రికార్డింగ్ సౌకర్యం తీసేసింది. నాకు ఒళ్లు మండి, నంబరు అదే ఉంచుకుని వేరే సర్వీసుకు మారాను. అందులో రికార్డింగ్ ఉంది గానీ మనమే విడిగా పెట్టుకోవాలి. దానికోసమే మారినవాణ్ణి, దాన్నే రేపు మాపు అంటూ వదిలేశాను. కస్టమర్లందరికీ మాత్రం వాట్సాప్ చేయమని కబురు పెట్టాను. మామకు చెప్పలేదు. చెప్పాలంటే నగరి వెళ్లి, ఎదురుగా కూర్చుని, అరవాలి. గంటన్నర బస్సు ప్రయాణానికి బద్ధకించాను. ఆయన ఫోన్ చేస్తే పాత కట్టడి ప్రకారం ఎవరమూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే, రోజూ ఆ సోది వినే పని తప్పిందని హాయిగా కూడా అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

లైను తెగిపోయినా ఆయనకు తెలియదు. ముప్పై లెక్కపెట్టి, ఎప్పటిలాగే మాట్లాడుకుంటూ పోయాడు.

కడసారి చూపుకు నగరి వెళ్తే అత్త నా చేయి పట్టుకుంది. "మిషను పెట్టించుకుంటా, తిరపతికి తీసకపొమ్మని నీకు జెప్పినాడంట గదా నాయనా. మూడు తూర్లు జెప్పినాడు. మా కూతురి బిడ్డ తాతా అంటా ఉండాదని, అది వినాలని ఆశపడినాడు."

"రాలేదని తిట్టినాడా అత్తా?"

"లేదు నాయనా. వాడు వినింటాడు, పని సూసుకోని వస్తాడులే అన్నాడు."

ఎవరూ వినలేదని అత్తకు చెప్పలేకపోయాను. ఇంతవరకూ చెప్పలేదు.

"మొన్న పనిగట్టుకోని సెలూనుకు పోయొచ్చినాడు" అంది అత్త. "డాక్టరు చెవులు సూస్తాడు గదా, బాగుండాల అన్నాడు."

మామ తల దగ్గర కూర్చుని చూశాను. చెవుల మీద ఎప్పుడూ గుబురుగా ఉండే తెల్ల వెంట్రుకలు లేవు. రెండు చెవులూ శుభ్రంగా, నున్నగా ఉన్నాయి. వంగి, "నేను వినలేదు మామా" అన్నాను. ఆయనతో అరవకుండా మాట్లాడటం నాకు అదే మొదటిసారి.