రాయి నిలబడి ఉంది

రెండు వేల నాలుగు మే నెలలో నన్ను ఒంగోలు నుంచి మార్కాపురానికి పంపారు. హోదా సాయిల్ సర్వే ఆఫీసరు. పని పేరు మాత్రం కాస్త ఆర్భాటంగా ఉండేది: పశ్చిమ ప్రకాశం మండలాలకు నేలల, భూస్వరూపాల డిజిటల్ డేటాబేస్ తయారు చేయడం. విడమరిచి చెబితే, ముప్పై ఏళ్ల కిందట మా శాఖవాళ్లు ఊరూరా తిరిగి కాగితం మీద గీసిన నేలల పటాలనూ వాటితో పాటు ఉన్న వివరాల షీట్లనూ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఎత్తుపల్లాలు, వాలు టోపోషీట్ల నుంచి వస్తాయి. వీటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పరిస్తే ఏ ముక్క దేనికి పనికొస్తుందో యంత్రమే చెబుతుందని శిక్షణలో చెప్పారు. నేను నమ్మాను. నమ్మకపోవడానికి నాకు కారణమేమీ కనబడలేదు.

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిసిన తొలి రోజుల్లోనే నేనూ ఉద్యోగంలో చేరాను. జిల్లా కొత్త, నేనూ కొత్త. అందుచేత ఆ పాత షీట్లలో సగానికి పైగా నా చేతిరాతే. నా రాతను నేనే మళ్లీ చదివి కంప్యూటర్లోకి పంపడం కదా, ఇంతకంటే సులువైన పని ఏముంటుందని సంబరపడ్డాను కూడా.

మా క్యాంపు ఆఫీసు ఒక పలకల గోదాం పైన రెండు గదులు. కింద రాతిపలకలు కోసేవారు. ఆ దుమ్ము బూడిదరంగున కీబోర్డు మీద పేరుకునేది. కంప్యూటర్ పని చూసేది షాహీన్ అనే అమ్మాయి, గిద్దలూరు మనిషి. ప్రతి నేల ముక్కకూ రంగు, మట్టి తీరు, వాలు, రాళ్ల శాతం, లోతు అని గడులుండేవి. లోతు అంటే పైనుంచి కింద రాయి తగిలే దాకా ఎన్ని సెంటీమీటర్లు అని. అది ఇరవై ఐదుకు తగ్గితే ప్రోగ్రాం ఆ ముక్కను తనంతట తానే ఆరో తరగతిలోకి తోసేస్తుంది. ఎనిమిది తరగతుల్లో మొదటి నాలుగే సాగుకు. ఆ తర్వాతివన్నీ మేతకూ చెట్లకూ అన్నమాట.

ఒక రోజు షాహీన్ నన్ను పిలిచి తెర చూపించింది. పుల్లలచెరువు మండలంలో అడవి అంచున ఒక ముక్క. లోతు ఇరవై, తరగతి ఆరు. దాని కింద పరిచిన ఉపగ్రహ చిత్రం అంతకు ముందటి నవంబరుది.

"సార్, ఈ రాయి పచ్చగా ఉందేంది?" అంది.

నిజంగానే పచ్చగా ఉంది. గట్లతో సహా, చతురస్రాలుగా. ముక్క పక్కకు జరిగిందేమోనని టోపోషీటుతో సరిపోల్చాము, జరగలేదు. సర్కారు తుమ్మేమో అన్నాను. తుమ్మ గట్లు వేసుకుని మొలవదు కదా సార్ అంది. పాత షీటు తీయించాను. లోతు: ఇరవై. పద్ధతి: ఆగర్. కింద నా పొట్టి సంతకం. ఆ చోటికి వెళ్లినట్టు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

దీన్ని అంతటితో వదిలేయడానికి లేదు. ఆ నెలాఖరుకు మేము పంపే జాబితాను బట్టి భూవినియోగ ప్రణాళిక తయారవుతుంది. ప్రభుత్వం పేదలకిచ్చిన పట్టా భూముల్లో ఆరో తరగతి, ఆ పైన తేలినవాటిని చెట్ల పెంపకానికి ప్రతిపాదించమని మాకు ఉత్తర్వు. అంటే ఆ ముక్కలో ఎవరన్నా సేద్యం చేసుకుంటున్నట్లయితే, నేను ఎప్పుడో వేసిన ఇరవై అంకె వాళ్ల చేను మీదికి మొక్కల్ని పంపిస్తుంది.

మర్నాడు జీపులో బయల్దేరాను. ఆగర్ అంటే మట్టిలోకి తిప్పుతూ దించే ఇనుప బర్మా. చేను చేరగానే అదే దించాను. ఇరవై దగ్గర టక్కున ఆగింది. పది గజాలు జరిగి మళ్లీ దించాను, పద్దెనిమిది. ఇంకో చోట ఇరవై రెండు. ఐదు చోట్ల చూశాను, ఐదు చోట్లా రాయే. నా పాత రాత తప్పు కాదని కాస్త గర్వం కూడా కలిగింది. తలెత్తి చూస్తే చేనంతా కంది మోళ్లు, బొటనవేలంత లావున. చేని అంచునున్న గుడిసెల పక్కన మనిషెత్తున కందికట్టె వామి. జానెడు మట్టిలో ఇంత కంది పండదు. పండింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో అంత అయోమయం నాకు ఎన్నడూ కలగలేదు. నా బర్మా అబద్ధం చెప్పదు, ఆ వామీ అబద్ధం చెప్పదు. మధ్యలో నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంతలో ఒక ఆమె గంప దించి వచ్చింది. పేరు సువార్తమ్మ. ఆ చేను ఆమెదే. ఊరి బయట చర్చి పక్కనున్న పల్లెలో కాపురం. సొంత చేనులో పని లేని రోజుల్లో కూలికి పోతుంది. నా చేతిలో బర్మా చూసి నవ్వింది.

"మళ్లా అదే తెచ్చినావా అన్నా?"

మళ్లా అనడమేమిటని అడిగాను. నేను ఇంతకు ముందు వచ్చానని చెప్పింది. అప్పుడామె కొత్త కోడలట. అప్పటికి ఆ చేనికి పట్టా కూడా రాలేదట.

"మా అత్త మజ్జిగ ఇస్తే తాగినావు. మా ఇంట్లో గ్లాసు పట్టుకున్న ఆఫీసరు ఇంకెవురు ఆ కాలంలో? అందుకే మర్చిపోలా. ఇట్లనే తిప్పినావు, ఆగింది. కింద రాయేనా అని మా మామను అడిగినావు. రాయే అన్నాడు. రాసుకోని పోయినావు."

మరి రాయే అయితే కంది ఎట్లా పండుతోందమ్మా అన్నాను. నా గొంతులో చిరాకు నాకే వినబడింది.

"రాయేలే అన్నా. పండుకోని లేదు, నిలబడి ఉంది."

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పాను కూడా. ఆమె నన్ను చేని మూలకు తీసుకుపోయింది. అక్కడ వాళ్లు ఎప్పుడో తవ్వి, నీళ్లు పడక సగంలో వదిలేసిన బావి ఉంది. మనిషిన్నర లోతు. లోపలికి దిగి గోడ చూశాను. జానెడు ఎర్రమట్టి కింద పలకరాయి మొదలైంది. కానీ పొరలన్నీ నిట్టనిలువుగా ఉన్నాయి. రెండు మూడు అంగుళాలకొక సన్నటి సందు, ఆ సందుల్లో మెత్తటి మట్టి. ఆ మట్టి వెంట కంది వేళ్లు నా భుజాల దాకా దిగి ఉన్నాయి. నా బర్మా ప్రతిసారీ ఏదో ఒక పొర అంచు మీద పడి ఆగిపోయింది. వేరుకు కళ్లు లేకపోయినా సందు వెతుక్కుంది.

"మీ మార్కాపురం దుకాణంలో పలకలు ఎట్ల పెడతారు? నిలబెట్టే గదా," అంది పైనుంచి. నేను అలాంటి గోదాం పైనే పని చేస్తున్నానని ఆమెకు చెప్పలేదు.

మీ మామ ఈ సంగతి నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. సిగ్గులేని ప్రశ్న, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"అడిగినదానికి చెప్పినాడు. నువ్వు ఇంకోటి అడగలా."

ఇప్పుడు రాసేదేంది, చేను ఉంటదా పోతదా అని నేరుగా అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. గడిలో ఒక్క అంకె పడుతుంది. ఇరవై రాయాలా, నూట ఇరవై రాయాలా? రెంటికీ నా దగ్గర సాక్ష్యం ఉంది.

ఆఫీసుకు వచ్చి సర్వే మాన్యువల్ తీశాను. పగుళ్ల మధ్య దూరం నాలుగంగుళాల కంటే తక్కువగా ఉండి వేళ్లు దిగుతుంటే, దాన్ని అడ్డురాయిగా లెక్కించరాదని స్పష్టంగా ఉంది. ఉద్యోగంలో చేరిన ఏడాది ఆ వాక్యం కింద నేనే పెన్సిలుతో గీత గీసుకున్నాను. ఆ గీతను చూసి నా మీద నాకు ఒళ్లు మండింది. పగుళ్లను కొలవాలంటే ప్రొఫైల్ గుంత తవ్వాలి, అంటే మనిషి దిగి గోడ చూసేంత లోతు గుంత. ఆగర్ అయితే పావుగంట. గుంత అయితే ఒక పూట.

ఆ బావి గోడ వివరాలు పూర్తిగా రాసి, లోతు నూట ఇరవై అని దిద్ది, మా డిప్యూటీ డైరెక్టరు గారికి పంపాను. తరగతి మూడుకు మారింది. షాహీన్‌తో ఇంకో పని కూడా చేయించాను. పలకరాయి ఉన్న మండలాల్లో లోతు పాతికకు లోపు, పద్ధతి ఆగర్, సంతకం నాది అయిన ముక్కలన్నీ వెతికించాను. ముప్పై ఒకటి వచ్చాయి. వాటన్నిటినీ మళ్లీ చూడాలని రాశాను.

ఫోన్లో జవాబు వచ్చింది. గోడ చూసిన ఒక్కదాన్ని ఒప్పుకుంటామని, చూడనివాటిని అనుమానం మీద మార్చలేమని, గడువు పెంచడం తన చేతిలో లేదని ఆయన మర్యాదగానే చెప్పారు. నిబంధన ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. మిగిలిన తొమ్మిది రోజుల్లో మేము నాలుగు గుంతలు తవ్వగలిగాము. మూడింట్లో రాయి నిలబడి ఉంది. ఒకదాంట్లో నిజంగానే పడుకుని ఉంది. దానితో నా అయోమయం ఇంకా పెరిగింది. అన్నీ తప్పయితే అన్నీ దిద్దమని పోట్లాడేవాణ్ణి.

మిగతా ఇరవై ఏడింటికి రిమార్కుల గడిలో "ఇది ఆగర్ ఆగిన లోతు, రాతి లోతు కాదు" అని రాయించాను. రిమార్కుల గడిని ప్రోగ్రాం చదవదు సార్ అని షాహీన్ చెప్పింది. తెలుసు, అయినా రాయమన్నాను. జాబితా వెళ్లింది. సువార్తమ్మ చేను అందులో లేదు. ఆ సంగతి చెప్పడానికి వెళితే ఆమె మజ్జిగ ఇచ్చింది. మిగతావాటి గురించి ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. షీటులో ప్రతి అంకె పక్కనా అది ఎలా తెలిసిందో ఉంటుంది. ముందు దాన్ని చదవండి. లోతు అని ఉన్న గడిలో నేను ముప్పై ఏళ్ల పాటు నేల ఎక్కడ ఆగిందో రాస్తున్నాననుకున్నాను. రాసింది నేను ఎక్కడ ఆగానో. ఆ ఇరవై ఏడు చోట్ల ఎవరి చేలు ఉన్నాయో నాకు తెలియదు. వాళ్లలో ఎందరి ఇళ్లలో మజ్జిగ తాగి వచ్చానో అదీ గుర్తు లేదు.