తుమ్మకర్ర కుర్చీకి నేను కొట్టిన నాలుగు మేకులు

కుర్చీ బాగుచేయించాలని బ్రాడీపేటలో మూడు ఫర్నిచర్ షాపులు తిరిగాను. మూడు చోట్లా ఒకటే మాట: "పారేసి కొత్తది తీసుకోండి మేడం." మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. బడిపంతులైన తాతయ్య చేయించుకున్న ఈ కుర్చీలోంచి అయితేనే, దాని చేతుల మీద బలం ఆనించి, ఎవరి సాయమూ లేకుండా లేస్తుంది. అదేమో ఊగుతోంది. నెలరోజులుగా ప్రార్థనకు లేవాలన్నా నన్ను పిలవాల్సి వస్తోందని ఆమెకు మహా చిరాకు. అందుకే దాన్ని చేసిన వడ్రంగి కొడుకు దగ్గరికి, చిలకలూరిపేట అవతల అమ్మ పుట్టిన ఊరికి బయలుదేరాం.

ఉదయం ఆరున్నరకు ఆటో, రానూపోనూ రెండు వేలు. కుర్చీని పైన కడుతూ, "ఈ కిరాయికి కొత్తదే వచ్చుద్ది గదండీ!" అన్నాడు డ్రైవర్. "అది మీ నాన్నకంటే పెద్దది బాబూ, తాడు గట్టిగా కట్టు," అంది అమ్మ. చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్కన కల్లాలనిండా మిరపకాయలే. ముగ్గురం తుమ్ముకుంటూ తొమ్మిదిలోపే ఊళ్లో దిగాం.

ఆ వడ్రంగి కొడుకు ఆచారిగారికే అరవై దాటి ఉంటాయి. కుర్చీని తిరగేసి, "ఎవరండీ ఈ మేకులు కొట్టిన మహానుభావుడు?" అన్నారు. నేను కల్లాల వైపు చూశాను.

"ఇదిగో, మా అమ్మాయే," అంది అమ్మ.

ఐదేళ్ల కిందట ఊగుతోందని నాలుగు మేకులు దిగ్గొట్టి తెగ మురిసిపోయాను. సరిగ్గా అక్కడే కుర్చీ కాలు చీలింది.

"మా నాన్న దీంట్లో ఇనప ముక్కే పెట్టలేదమ్మా. అన్నీ కర్ర చీలలే. వదులైతే పాత చీల తీసి కొత్తది కొట్టుకుంటే సరిపోద్ది. మీరేమో విప్పే దారే లేకుండా చేశారు."

"టేకేనా?" అన్నాను, మాట మార్చడానికి.

"పంతులుగారి జీతానికి టేకా! చేలో నల్లతుమ్మ. ఈ ముందుకాలు వేప, నేను మార్చిందే."

మూడు గంటల పని. మేకులు పీకి, చీలలు తట్టి, కుర్చీని ముక్కలుగా నేలమీద పరిస్తే అమ్మ చూడలేక మొహం తిప్పుకుంది. కొత్త కాలు, చీలలు కలిపి పన్నెండు వందలు. బిగించాక అమ్మను కూర్చోబెట్టారు. లేవబోతుంటే అలవాటుగా చెయ్యి చాచాను.

"తియ్యవే," అంది. ఒక్కతే లేచింది. కూర్చుని, మళ్లీ లేచింది. నాకు ఏడుపొచ్చేసింది. డ్రైవర్ చూస్తుంటే మిరపఘాటు అన్నాను.

తరాలు నిలిచే సామానంటే టేకు, నగిషీ, పాలిష్ అనుకునేదాన్ని. ఈ కుర్చీకి నాలుగు కాళ్లలో రెండు మారిపోయాయి. విప్పి బాగుచేసుకునే వీలుతో చేశారు కాబట్టే నాదాకా వచ్చింది. మీరూ ఇలా వెళ్లేట్టయితే ముందు ఫోన్ చేసి పొద్దున్నే చేరుకోండి. అందాకా ఎంత ఊగినా మేకు మాత్రం కొట్టకండి. నావి నాలుగూ ఆచారిగారు పొట్లం కట్టి ఇచ్చారు. పారేయబోతే అమ్మ లాక్కుని బ్యాగులో వేసుకుంది.

"నువ్వు కొట్టినవేగా, ఉండనీ."