బావగారు పెట్టిన పేరు

ఆ బేకరీలో పిండి కలిపేది ఆ ఇంటి చిన్నకోడలు. యజమాని ఆమె బావగారు, ఒకప్పుడు ఓడల్లో వంటచేస్తూ దేశాలు తిరిగొచ్చిన మనిషి. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలోనే "బుర్రో" అని పేరు పెట్టాడు.

"ఇటలీలో వెన్నని అలాగే అంటారమ్మాయ్. నీ మనసు వెన్న కదా!" అన్నాడు.

బుర్ర ఉన్న పిల్ల అని మెచ్చుకుంటున్నాడేమోనని అత్తగారు మురిసిపోయింది. పనివాళ్లూ అదే పేరు పట్టుకున్నారు. పిలిచినప్పుడల్లా బావగారు మీసాల చాటున నవ్వేవాడు. ఆ నవ్వు ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ఒకరోజు భాషలు నేర్పే పంతులమ్మ రొట్టె కొనడానికి వచ్చింది.

"ఏయ్ బుర్రో, ట్రేలు పట్రా!" అని కేకేసి బావగారు బయటికి వెళ్లాడు.

పంతులమ్మ ముఖం చిట్లించింది. "గాడిదా అంటే ఊరుకుంటావేంటమ్మా?"

"వెన్న అని కదండీ?"

"ఇటలీ వాళ్లకి వెన్నే. గ్రీకులో ఆవు, జున్ను అనే మాటలు కలిసి పుట్టిందది. స్పెయిన్, పోర్చుగల్ వాళ్లకి మాత్రం గాడిద. లాటిన్‌లో పొట్టి గుర్రానికున్న పేరు నుంచి వచ్చింది. ఫ్రెంచివాళ్లే నయం, వెన్నకి బేర్, ఆడగాడిదకి బురీక్ అని విడివిడిగా ఉన్నాయి. ఇంతకీ ఆయన చేసింది ఏ ఓడలో?"

స్పెయిన్ ఓడలో. ఇటలీ గడ్డ తొక్కనేలేదని ఆయనే చెప్పేవాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నిలదీసింది. "బావగారూ, నేను వెన్ననా, గాడిదనా?"

"ఇన్నాళ్లకి వెలిగిందా?" అని ఆయన పగలబడి నవ్వాడు. పక్కన ఆమె భర్త తల దించుకున్నాడు. అతని భుజాలూ నవ్వుతో కదిలాయి.

"మీకూ తెలుసా?"

"సరదాకి అన్నాడులేవే."

ఆమె ఒళ్లు మండిపోయింది. ఏప్రన్ విప్పి బల్లమీద పడేసింది. "రేపట్నుంచి మీరే కలుపుకోండి."

"పోతే పో! నీలాంటోళ్లు వీధికి పదిమంది," అన్నాడు బావగారు.

ఆమె ఇల్లు వదిలి ఒక అద్దెగదిలో దిగి, వీధి చివర పోటీ బేకరీలో పనికి కుదిరింది. బావగారి బేకరీలో రొట్టెలు ఇటుకల్లా గట్టిపడ్డాయి, బేరాలు అటు మళ్లాయి. ఆమెకు చేతివాటం ఉందని బావగారు ఆ యజమానికి చాడీలు చెప్పబోతే, ఆయన గుమ్మంలోంచే గెంటేశాడు.

కొన్నాళ్లకు భర్త పెట్టె పట్టుకుని ఆమె అద్దెగది ముందు నిలబడ్డాడు.

"ఇంకోసారి నవ్వుతారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. లోపలికి రానిచ్చింది గానీ, చాలాకాలం కంచం పెట్టడమే తప్ప పలకరింపు లేదు.

అత్తగారు ఆస్పత్రిలో పడ్డప్పుడు ఆమె, బావగారు మంచానికి చెరోవైపు కూర్చున్నారు.

"అమ్మాయ్, నాక్కాస్త మంచినీళ్లు," అన్నాడాయన.

ఆమె అత్తగారికి తాగించి, గ్లాసు బోర్లించింది.