సలాలాలో వెనక్కి నడిచొచ్చిన మనిషి

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని నేను. మా వీధిలో ఎవరికో గాలి సోకిందని అందరూ వేపమండలు పట్టుకుని పరుగెత్తుతుంటే, నేను పీచు కోసం శ్మశానం పక్క గోతిలో నానేసిన కొబ్బరి డొక్కలు తీసుకురావడానికి ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. మోకాలి లోతు నల్ల నీళ్ళలో నిలబడి డొక్కలు లాగడం నా పని. అక్కడ పాముల్ని చూశాను గానీ వేరే ఏదీ చూడలేదు. అందుకే ఇప్పుడు రాయబోయేది నమ్మమని ఎవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది కోనసీమలో కాలవ గట్టు మీద ఊరు. మా అక్క సత్యవతి, నేను కొబ్బరి పీచు తాడు పేనేవాళ్ళం. అక్క భర్త పోయాక కూతురు ధనాన్ని తీసుకుని, మా ఆయనా నేనూ ఉండే ఇంట్లోనే ఉండేది.

తాడు పేనడం చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఒకరు రాట్నం తిప్పాలి. రెండోవాళ్ళు ఒడినిండా పీచు కట్టుకుని, ఒక కొస రాట్నం కొక్కేనికి తగిలించి, చేత్తో పీచు అందిస్తూ వెనక్కి నడవాలి. వెనక్కి నడిచేకొద్దీ తాడు సాగుతుంది. పేనే మనిషి కళ్ళు పీచు మీదే ఉంటాయి. తిరిగి చూస్తే తాడు సన్నబడి తెగుతుంది. అందుకని వెనకాల ఏముందో రాట్నం దగ్గరున్నవాళ్ళే చూసి చెప్పాలి.

మా పెరట్లో రాట్నం నుంచి కాలవ రేవు దాకా ముప్పై అడుగులు. పేనేది అక్క, తిప్పేది నేను. రేవు దగ్గర పడుతోందనిపించగానే అక్క అడిగేది, "ఇంకెంతుంది చిట్టీ?" అని. నా పేరు చిట్టెమ్మ. నేను "రెండడుగులు", "చాలక్కా, ఆగు" అనేదాన్ని. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు. నేను చాలనేదాకా అక్క ఆగేది కాదు. అంత నమ్మకం.

తొంభైల చివర్లో తుఫానుకి చెట్లు పడిపోయాక మా పని సగానికి సగం పోయింది. మస్కట్‌లో ఇంటిపనికి మనుషులు కావాలని ఏజెంటు వచ్చాడు. ముందు అడిగింది అక్క. తన పేరు మీదే పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది.

ఇక్కడ నేను చేసిన పని రాయాలి. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

నాకూ వెళ్ళాలనిపించింది. విమానం, చల్లటి మిషను పెట్టిన గదులు, పీచు దుమ్ము లేని ఇల్లు. ఏజెంటు టీ తాగి వెళ్తుంటే వీధి చివరిదాకా వెంట వెళ్ళి, "మా అక్కకి ఎడతెగని దగ్గండి. మెడికల్‌లో పోద్ది. మీకే మాటొస్తది. నన్ను పంపండి" అన్నాను. దగ్గు అబద్ధం కాదు. కానీ పీచు పని చేసే మా అందరికీ ఆ దగ్గుంది. నేనూ ఆ మాట చెబుతూ రెండుసార్లు దగ్గాను.

ఏజెంటు అక్కతో నీకు మెడికల్ కుదరదన్నాడు. అసలు పరీక్షే చేయించలేదు. కొత్త పాస్‌పోర్టంటే ఆలస్యమవుతుందని, అక్క పేరు మీదున్న దానికే నా ఫొటో అంటించాడు. అప్పట్లో అలా జరిగేవి. అప్పటికి నాకు చదువు రాదు కాబట్టి వేలిముద్ర ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేశాను.

అక్క కోపగించుకోలేదు. "పోనీలే, మనింట్లోకేగా" అంది. ఇద్దరం ద్రాక్షారామం వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాం. మాగాయ జాడీకి గుడ్డ కడుతూ, "నా పేరు పట్టుకెళ్తున్నావు. పాడుచెయ్యకుండా తిరిగి తెచ్చివ్వు. లేదంటే రేషన్ కార్డులో ఏం పెట్టుకోనే?" అని నవ్వింది. నేనూ నవ్వాను. తిరిగొచ్చాక నిజం చెబుదాం అనుకున్నాను.

మస్కట్‌లో అందరికీ నేను సత్యనే. యజమానురాలు సత్యా అనేది, ఐదేళ్ళ పాప నూరా సత్యా అనేది. మొదట్లో పిలిస్తే పలికేదాన్ని కాదు, చెవుడేమో అనుకున్నారు. తర్వాత అలవాటైపోయింది.

వెళ్ళిన రెండో ఏడు జూలైలో ఇంటిల్లిపాదీ దక్షిణాన ఉన్న సలాలా ఊరికి బయల్దేరారు. పాపని చూసుకోవడానికి నన్నూ తీసుకెళ్ళారు. రోజంతా ఎడారిలో కారు ప్రయాణం. రెండు వైపులా ఇసుక, రాళ్ళు. ఉన్నట్టుండి అద్దాల మీద తుంపర పడింది. మలుపు తిరిగేసరికి కొండలన్నీ పచ్చగా ఉన్నాయి. ఆ దేశంలో ఆ ఒక్క ఊరికే ఆ మూడు నెలలూ వాన పడుతుందట. అరబ్బులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, తుంపర్లో తడుస్తూ చాపలేసుకుని కూర్చుంటారు. మనం వానొస్తే ఇంట్లోకి పరుగెత్తుతాం, వాళ్ళు బయటికి పరుగెత్తుతారు.

ఊళ్ళోకి రాగానే కారు అద్దం దించి చూశాను. రోడ్డుకి రెండు వైపులా కొబ్బరి తోటలు, వాటి కింద అరటి, బొప్పాయి. పాకల్లో బోండాలు కొట్టి ఇస్తున్నారు. సాంబ్రాణి వాసన లేకపోతే మా ఊరే. ఇది అక్క చూడాల్సింది కదా అని మొదటిసారి అనిపించింది. అప్పటిదాకా అలా అనుకోలేదు, అదీ ఒప్పుకోవాలి.

నాలుగు రోజులున్నాం. అందులో ఒక రోజు శుక్రవారం. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ శుక్రవారం మగవాళ్ళు నమాజుకి వెళ్ళొచ్చాక ఒక తోటలో భోజనాలు చేశారు. తర్వాత పెద్దవాళ్ళు చాపల మీద నడుం వాల్చారు. నేను నూరాని తీసుకుని తోటలోపలికి నడిచాను. మూడు గంటల వేళ. మంచు బాగా కిందికి దిగి పది చెట్ల అవతల ఏమీ కనిపించడం లేదు. అరటికి నీళ్ళు పారే సిమెంటు కాలవ ఒకటి ఉంది. దాని గట్టు మీద నిలబడ్డాను. పాప నాకు నాలుగడుగుల ముందు రాలిన కొబ్బరి పూత ఏరుకుంటోంది.

మంచులోంచి ఒక మనిషి వచ్చింది. వీపు నా వైపు ఉంది. వెనక్కి నడుస్తూ వస్తోంది.

నీరుకావి రంగు నేత చీర, పైకి దోపి కట్టింది. తల మీద తువ్వాలు. రెండు చేతులూ ఒడి దగ్గర ఆడుతున్నాయి. ఆమె ముందు నుంచి తాడు సాగి మంచులోకి పోయింది. అవతలి కొస ఎక్కడుందో కనపడలేదు. రాట్నం చప్పుడు లేదు. ఎడమ మడమ పూర్తిగా ఆనించడం లేదు. మా అక్కకి చిన్నప్పుడు ఆ మడమలో ఆల్చిప్ప దిగింది. అప్పట్నుంచీ అలాగే నడుస్తుంది.

ఆ తోటల్లో పనిచేసేవాళ్ళు మలయాళీలు, బంగ్లాదేశీలు. అంతా మగవాళ్ళే. చీర కట్టుకున్న మనిషి నాకు ఆ నాలుగు రోజుల్లో ఇంకెక్కడా కనపడలేదు.

నేను కలగన్నానని అనుకోవడానికి లేదు, ఎందుకంటే పాప కూడా చూసింది. తాడుని చేత్తో ముట్టుకుని, "గరుకుగా ఉంది" అంది అరబ్బీలో. తర్వాత నా వైపు తిరిగి గట్టిగా అడిగింది, "సత్యా, ఆవిడెందుకు వెనక్కి నడుస్తోంది?"

ఆ పేరు వినగానే ఆ మనిషి ఆగింది. తిరగలేదు. చేతుల్లో పీచు అలాగే పట్టుకుని, మామూలు గొంతుతో అడిగింది.

"ఇంకెంతుంది చిట్టీ?"

నా వెనకాల సిమెంటు కాలవ. ఆమెకి అక్కడికి మూడడుగులుందేమో. చాలక్కా, ఆగు అని చెప్పడం నాకు చేతకానిదా? నోటికి అలవాటైన మాట. కానీ నేను మాట్లాడలేదు. మాట్లాడితే ఇటు తిరుగుతుంది. తిరిగితే ఏజెంటుతో ఏం చెప్పావే అని అడుగుతుంది. నాకు భయమేసింది దయ్యమని కాదు, అక్క అని.

పక్కకి తప్పుకున్నాను.

ఆమె కాసేపు ఆగి, మళ్ళీ వెనక్కి అడుగేసింది. నా పక్కనుంచే వెళ్ళింది. తడి పీచు వాసన వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. నీళ్ళలో పడిన చప్పుడేమీ వినపడలేదు. కళ్ళు తెరిస్తే కాలవలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. మనిషి లేదు, తాడు లేదు. పాపని ఎత్తుకుని చాపల దగ్గరికి పరుగెత్తాను. కారులో చూస్తే పాప గుప్పిట్లో నాలుగు పీచు పోగులున్నాయి. అది కొబ్బరి తోట. పీచు ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని రుజువుగా చూపించను.

మస్కట్ తిరిగొచ్చిన మూడు వారాలకి ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆయన చెబుతుంటే ఊళ్ళో మేష్టారు రాసింది. పక్క బంగళాలో డ్రైవరు అబ్బులు గారు మన వైపు వారే, ఆయన చేత చదివించుకున్నాను. మంచి కబురైతే మూలల్లో పసుపు పెడతారు, అది లేకపోవడం చూసి ఆయన ముందే తగ్గు గొంతుతో మొదలుపెట్టారు.

ఆషాఢ మాసంలో, నేను సలాలాలో ఉన్న వారమే శుక్రవారం, వాన తెరిపిచ్చాక అక్క తాడు పేనుతోంది. నేను వెళ్ళాక రాట్నం తిప్పుతున్నది పక్కింటి సూరమ్మ గారు. మేక వచ్చి పీచులో కాలు పెడితే అదిలించడానికి ఆవిడ అటు తిరిగారు. అక్క వెనక్కి నడిచి రేవులో పడింది. రాయి తలకి తగిలింది. కాలవ నిండుగా ఉంది. బడిపిల్లలు ఇళ్ళకొచ్చే వేళ. మా ఊళ్ళో బడి నాలుగున్నరకి వదులుతారు. ఇక్కడికీ అక్కడికీ గంటన్నర తేడా అని అబ్బులు గారే చెప్పారు.

మధ్యలో ఒకచోట ఆయన ఆగారు. "ఏంటి అబ్బులు గారూ, ఆగిపోయారు?" అన్నాను. "అక్షరాలు అలుక్కుపోయాయమ్మా" అని కింది వరుసకి వెళ్ళిపోయారు. చావు కబురు ఉత్తరం చదవగానే చింపెయ్యాలి. ఆయన చింపబోతే నేను లాక్కున్నాను. ఇంట్లో ఉంచుకోకూడదమ్మా అన్నారు. వినలేదు.

యజమాని దగ్గర పాస్‌పోర్టు ఉంది, పని గడువు తీరలేదు. ఇంకో ఏడాది ఉండిపోయాను. కాగితాల్లో సత్యవతి మస్కట్‌లో అంట్లు తోముతోంది. ఊళ్ళో సత్యవతికి పెద్దకర్మ చేశారు.

తిరిగొచ్చేసరికి ధనం పదో తరగతి. మహిళా సంఘంలో సంతకం పెట్టాలన్నారు, నాకు వేలిముద్రే వచ్చు. ధనం పలక తెచ్చింది. "ముందు మా అమ్మ పేరు నేర్చుకో పిన్నీ, తర్వాత నీ పేరు" అంది. మూడేళ్ళు ఆ పేరు కింద బతికాను, అక్షరాల్లో అది ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. నా గీత వంకర పోతే, "సున్నా కూడా చుట్టలేవేంటి పిన్నీ, గారెలైతే గుండ్రంగా చేస్తావుగా" అని ఆటపట్టించేది.

రెండేళ్ళకి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టె అడుగు నుంచి ఆ ఉత్తరం తీశాను. అబ్బులు గారు ఆగిన చోటు చూశాను. అక్షరాలేమీ అలుక్కుపోలేదు. మేష్టారి రాత ముత్యాల్లా ఉంది.

అక్కడ ఇలా ఉంది. "పడబోయే ముందు మీ అక్క, ఇంకెంతుంది చిట్టీ అని అడిగిందట. చిట్టి అన్నది కాబట్టి తనని కాదనుకుని సూరమ్మ గారు బదులు చెప్పలేదట. మీ అక్క కాసేపు ఆగి, మళ్ళీ వెనక్కి అడుగేసిందట."

ఎన్నిసార్లు చదివానో తెలియదు. చదువు రాకపోయినా బాగుండేది అని ఆ ఒక్క రోజు అనుకున్నాను.

ఆ వేళ సలాలాలో నేను చూసింది ఎవర్ని? ఉత్తరం రాకముందే ఆ మాట నా చెవిన ఎలా పడింది? ఆరేళ్ళ పరాయి పిల్లకి మా అక్క ఎందుకు కనపడింది? నేను అక్కడ చాలు అని ఉంటే అక్క ఇక్కడ రేవు దగ్గర ఆగేదా? తెలిసినవాళ్ళని వేరే ఎవరికో జరిగినట్టు చెప్పి అడిగాను. ఒకరు మనసు భ్రమ అన్నారు, ఒకరు ఆత్మ అన్నారు. రెండూ నాకు అతకలేదు. ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ధనం ఇప్పుడు టీచరు. నేనేది రాసినా తప్పులు దిద్దేది తనే. ఇవి కూడా రేపు తనకే ఇస్తాను. ఏజెంటు వెనకాల నేను నడిచిన సంగతి తనకి తెలియదు, ఈ కాగితాల్లోనే తెలుస్తుంది. ఎర్ర పెన్ను పట్టుకుని చదువుతూ ఆ చోట ఆగుతుంది. తలెత్తి అడుగుతుంది.

నేను ఎదురుగానే కూర్చుంటాను. ఈసారి పక్కకి తప్పుకోను.