ఇనుప మాను ఎక్కిన మా వదిన

మా వదిన మునిరత్నమ్మ గత మాసంలో కన్నుమూసింది. చిత్తూరు బడిలో నేను పిల్లలకు పద్యపాఠం చెబుతూ ఉండగా, మొగిలి సైకిలును గోడకు ఆనించి తరగతి గుమ్మం దగ్గరికే వచ్చాడు. తిరుపతిలో ఉండే మా అన్న దామోదరం లాగే అతనూ హామ్ రేడియో వ్యామోహి. అంటే ప్రభుత్వం దగ్గర లైసెన్సు పుచ్చుకొని, ఇంట్లో తానే కట్టుకున్న యంత్రంతో ఊరూరి వారితో, దేశదేశాల వారితో మాట్లాడే సరదా కలవాడు. రోజూ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ గాలిలో పలకరించుకుంటారు.

"సార్, వదినమ్మ పొయ్యిందంట. అన్న ఆ మాట చెప్పినాడు, అంతే. మళ్ళా గొంతు రాలేదు."

నేను పుస్తకం మూసేశాను. ఎలా పోయిందని నేను అడగలేదు. అడగనక్కరలేదనుకున్నాను. ఇన్నేళ్ళుగా మా ఇంటిల్లిపాదీ ఏ క్షణాన వినవలసి వస్తుందోనని వణికిన వార్త అదే కదా! మా ఇంటి పెరట్లోని రేడియో టవరు మీది నుంచి ఆమె పడిపోయిందని నా మనస్సు నిశ్చయించేసుకున్నది. తిరుపతి బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఆ ఛిద్రదేహాన్ని చూసే ధైర్యం ప్రసాదించమని దైవాన్ని వేడుకుంటూనే ప్రయాణం చేశాను.

వాకిట్లోకి అడుగు పెడితే వదిన చాప మీద ప్రశాంతంగా ఉంది. నుదుట కుంకుమ చెదరలేదు. ఒంటి మీద చిన్న గీత లేదు. అన్న చేతికర్ర పక్కన పెట్టుకొని ఆమె తల దగ్గర కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి, నా ముఖంలోని ప్రశ్న గ్రహించి, ముందుగా ఆ మాటే చెప్పాడు.

"పడలేదురా. పండుకొని పొయ్యింది. బువ్వ తిని, రోంత సేపు నడుము వాలుస్తానని పండుకొనింది. లేపితే లేదు."

శోకం ముంచుకొస్తున్న ఆ ఘడియలోనే నా గుండె మీది నుంచి ఏదో పెద్ద బండ తొలగిపోయింది. ఇంత దుఃఖంలో ఇంత నెమ్మది కలగడం తప్పా ఒప్పా నాకు తెలియదు. అన్న ముఖంలోనూ అదే నెమ్మది చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు కన్నీటితో కాక, కృతజ్ఞతతో రాయగలుగుతున్నాను.

బంగారుపాళ్యం దగ్గర మామిడి తోటల మధ్య పుట్టిన మనిషి ఆమె. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. చెట్టెక్కి చిటారు కొమ్మన కూర్చొని, చిక్కంతో కాయలు దింపడం ఆమెకు బాల్యక్రీడ. ఆ చిక్కాన్ని, అంటే పొడుగాటి వెదురు గడకు చివరన వల కట్టిన సాధనాన్ని, కాపురానికి వస్తూ సారెతో పాటు తెచ్చుకున్నది. అన్నకు తిరుపతి బజారులో రేడియోలు బాగుచేసే అంగడి ఉండేది. పగలు ఊరివాళ్ళ రేడియోలు, తీరిక దొరికితే తన హామ్ యంత్రం. మిద్దె మీద రెండు సవుకు వాసాలు, అంటే సరుగుడు గడలు, నిలబెట్టి, వాటి నడుమ రాగి తీగ కట్టి, అదే యాంటెన్నా అనేవాడు. తీగ తెగితే తానే ఎక్కి కట్టుకునేవాడు. ఆ రోజుల్లో వదినకు దాని సంగతే పట్టేది కాదు.

ఒకనాడు రేణిగుంట నుంచి సరుకు తెస్తుండగా అన్న ఎక్కిన బస్సు బోల్తాపడింది. ప్రాణం దక్కింది, కుడికాలు మాత్రం మోకాలి దగ్గర బిగుసుకుపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన అన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని మాట మానేశాడు. పెట్టింది తినేవాడు, అడిగితే తల ఊపేవాడు. అంగడి తలుపు మూతబడింది. అదే సమయంలో కొండ దిగి వచ్చిన కోతులు యాంటెన్నా తీగ మీద ఉయ్యాలలూగి దాన్ని తెంపేశాయి. యంత్రంలో గరగర తప్ప ఏమీ వినిపించేది కాదు. అన్న ఒకసారి మీట నొక్కి విని, కట్టేసి, మళ్ళీ గోడవైపు తిరిగాడు. వదిన అది చూసింది.

మరునాటి ఉదయం వదిన చీర కుచ్చిళ్ళు వెనక్కి దోపుకొని, నడుముకు కొబ్బరి తాడు చుట్టుకొని, ఆ వాసం ఎక్కింది. వీధి అంతా నోరు తెరిచి చూసింది. మా అమ్మ పెరట్లో నుంచి కేకలు పెట్టింది.

"దిగు ముందర! మామిడి మానెక్కితే కాయలొస్తాయి. ఈ మోడు ఎక్కితే ఏమొస్తాదే నీకు?"

పైనుంచి వదిన బదులు చెప్పింది. "మాటలొస్తాయత్తా."

తీగ ముడి వేసి దిగింది. మంచం దగ్గరికి వెళ్ళి యంత్రం మీట నొక్కింది. ఎక్కడో ఎవరో ఎవరినో పిలుస్తున్న గొంతు స్పష్టంగా వినిపించింది. అన్న ఇటు తిరిగాడు. చాలా సేపు విన్నాడు. తర్వాత మైకు అందుకొని జవాబిచ్చాడు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని మనిషి ముక్కూ ముఖమూ తెలియని వాడితో "బాగుండాను" అన్నాడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వదిన ఎక్కినప్పుడల్లా కింద తాడు పట్టుకొని నిలబడింది మా అమ్మే. ఆమె జీవించి ఉన్నంతకాలం ఆ తాడు మరొకరికి ఇవ్వలేదు.

క్రమంగా అన్న అంగడి మళ్ళీ తెరిచాడు. వాసాల స్థానంలో పెరట్లో ఇనుప టవరు వచ్చింది. కోణపు కడ్డీలు బోల్టులతో బిగించి, ఒరగకుండా నాలుగు దిక్కులా స్టే తీగలు లాగి కట్టిన కట్టడం అది. ఏ తీగ ఎంత బిగువుండాలో వదిన వేలితో మీటి, ఆ నాదం విని చెప్పేది. అన్న పుస్తకం చూసి లెక్క చెప్పేవాడు, ఆమె చేత్తో సరిచేసేది. లైసెన్సు లేదు గనుక ఆమె ఒక్కనాడూ మైకులో మాట్లాడలేదు. "పరీక్ష రాయి వదినా, నేను సాయం చేస్తా" అని నేనంటే నవ్వేది. "మీ అన్న మాట్లాడతా ఉండాడు గదా సామీ. నాకు ఇనేది సాలు." అన్న మాట్లాడుతుంటే గుమ్మానికి ఆనుకొని, ఆకుకూర తుంచుతూ వినేది. ఒక విదేశీ మిత్రుడు, నీ టవరు పని చేసేదెవరని అడిగితే అన్న "నా భార్య" అన్నాడట. ఆయన నమ్మక మళ్ళీ అడిగాడట. ఆ సంగతి చెప్పినప్పుడు వదిన సిగ్గుపడి లోపలికి పోయింది.

టీవీలు వచ్చిన కొత్తలో మద్రాసు స్టేషను అందుకోవాలని ఊళ్ళన్నీ ఇంటికప్పుల మీద గడలు నిలబెట్టడం మొదలుపెట్టాయి. వదిన పేరు జిల్లా దాటింది. సత్యవేడు దగ్గర ఒక సంపన్న రైతు బండి పంపించి పిలిపించాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన చూపించిన చోట పైన కరెంటు తీగలు పోతున్నాయి. వదిన తల ఎత్తి చూసి, ఇక్కడ నిలబెట్టనన్నది.

"ఇంత దూరం పిలిపిస్తే ఆడమనిషివి నాకే బుద్ధి చెప్తావా?" అని ఆయన గద్దించాడు.

"పిలిచినారు కాబట్టే చెప్తా ఉండాను అన్నా. ఇంకొకణ్ణి పిలిచింటే వాడు నిలబెట్టేస్తాడు. గడ పడితే కరెంటు తీగ మీద పడతాది. పట్టుకున్నోడెవడూ మిగలడు."

ఆ పెద్దమనిషి తల ఎత్తి ఆ తీగల వైపు చూశాడు. చివరికి గొడ్ల కొట్టం అవతల చోటు చూపించాడు. పని ముగిశాక ఆయన భార్య పసుపు కుంకుమలిచ్చి, గుమ్మం దాకా సాగనంపింది.

వదిన వ్యక్తిత్వం సంపూర్ణంగా ప్రకాశించిన సందర్భం ఒకటుంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం వ్యర్థం. ఒక కార్తీకమాసంలో తిరుపతిని ఎడతెగని వాన పట్టుకున్నది. నేను సెలవుకు అక్కడే ఉన్నాను. ఉదయం పూట పెరట్లో కడవ పగిలినట్టు చప్పుడు. చూస్తే పడమటి స్టే తీగను పట్టి ఉంచిన సిమెంటు దిమ్మ, నానిన నేలలోంచి పెళ్ళగిలి బయటికొచ్చింది. టవరు తూర్పుకు ఒరిగింది. తూర్పున పక్కింటి గోవిందస్వామి ఇల్లు. ఆ ఇంట్లో పురిటికి వచ్చిన ఆయన కూతురు, పొత్తిళ్ళలో బిడ్డ ఉన్నారు. గాలి వీచినప్పుడల్లా టవరు మరికొంచెం వంగుతూ మూలుగుతున్నది.

వీధి జనం గుమిగూడారు. అందరి చూపూ వదిన మీదే. "ఎక్కమ్మా, పైన తాడు కట్టు, మేం లాగుతాం" అని ఒకరు. "నువ్వు గాక ఇంకెవరు ఎక్కుతారు?" అని ఇంకొకరు. గోవిందస్వామి చేతులు జోడించాడు. వదిన ఆ ఇనుప కట్టడం వైపు కింది నుంచి పైదాకా చూసింది.

"ఎక్కను. ఎవురూ ఎక్కకూడదు. ఒరిగిన మాను మనిషి బరువు మోయదు."

ఎవరో వెనక నుంచి "భయపడింది" అన్నారు. ఆమె విన్నది. నేరుగా పక్కింట్లోకి వెళ్ళి, బిడ్డను కొంగు కింద పెట్టుకొని, బాలింతను చేయి పట్టి నడిపించుకొని మా వీధి వసారాలోకి తెచ్చింది. తర్వాత మిద్దె ఎక్కి, తన పుట్టింటి చిక్కం గడ చివర తాడు ఉచ్చు తగిలించి, అల్లంత దూరం నుంచే టవరు నడిమి కడ్డీకి దాన్ని తొడిగింది. గాలికి ఉచ్చు పదేపదే తప్పిపోయింది. ఆమె చేయి విసుగెరుగదు. ఉచ్చు పడగానే జనమంతా తాడు పట్టి పడమటికి లాగారు. టవరు నిట్టనిలువుగా లేచింది.

వసారాలో కుర్చీలో ఉన్న అన్న కేక వేశాడు. "అట్లే పట్టుకోండప్పా! దిమ్మ మళ్ళా పూడ్సి కట్టేద్దాం!" ఆ టవరు మీద అల్యూమినియం గొట్టాలతో తాను ఏళ్ళ తరబడి తీర్చిదిద్దుకున్న యాంటెన్నా ఉంది మరి.

వదిన మిద్దె మీది నుంచే అన్న వైపు చూసింది. "నేల నాని పొయ్యిందయ్యా. యాడ పూడ్సినా నిలవదు. పడమట బీడు ఖాళీగా ఉండాది. ఆడ పడేస్తాం. పోనీ."

అన్న ఒక్క క్షణం కళ్ళు మూసుకొని, "సరే, పోనీ" అన్నాడు.

ఉత్తరం, దక్షిణం తీగలు అలాగే ఉంచి, తూర్పు తీగ మాత్రం కొంచెం కొంచెంగా వదలమని వదిన చెప్పింది. ఆ తీగ దగ్గర నిలబడ్డవాడు గోవిందస్వామే. ఆమె చెప్పినట్టు వదిలాడు, ఆపమంటే ఆపాడు. టవరు పడమటికి వంగి, వంగి, మా ప్రహరీ గోడను విరగ్గొట్టుకొని బీడులో కూలింది. ఒక్కరికి కూడా గోరంత దెబ్బ తగల్లేదు. ఆ నిశ్శబ్దంలో వసారాలో బిడ్డ ఏడ్పు వినిపించింది. వదిన మిద్దె మీదే చతికిలబడి, చేతుల్లో ముఖం పెట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె అలా ఏడవడం చూసింది ఆ ఒక్కసారే.

గోవిందస్వామి మరునాడు వచ్చి, మొహమాటపడుతూ అడిగాడు. "మళ్ళా అంత ఎత్తు పెట్టద్దమ్మా. నాకు నిద్ర పట్టదు."

"పెట్టను అన్నా. నిలబెట్టే ముందర పడే సోటు సూసుకోవాల. నేను సూసుకోలేదు" అన్నది. తర్వాత కట్టిన టవరు ఎటు కూలినా మా పెరడు దాటనంత ఎత్తే కట్టింది.

గత సంవత్సరం నుంచి ఆమెకు ఆయాసం. గుండె బలహీనపడిందని, ఎత్తులెక్కరాదని వైద్యుడు చెప్పాడు. సరేనన్నది గాని, అన్న నమ్మలేదు. తాను అంగడికి పోయిన వేళ ఆమె పైకి పోతున్నదేమోనని రోజూ దారిలో మూడుసార్లు వెనక్కి తిరిగి చూసేవాడట. "కింద కూర్చొని పైకి సూసేది ఎంత కష్టమో నీకు తెలీదురా" అని కర్మక్రియలు ముగిశాక నాతో అన్నాడు. "ఇంక సూడాల్సిన పన్లేదు." ఆ మాటలో దుఃఖం ఉంది. దుఃఖంతో పాటు, చాలా కాలానికి భుజాలు దించుకున్న మనిషి అలసట కూడా ఉంది.

టవరు దింపేయమని అన్న కోరాడు. తన చేతికి అందే ఎత్తున రెండు గుంజల మధ్య ఒక తీగ చాలన్నాడు. దూరదేశాల గొంతులు ఇక రావు. చిత్తూరు వరకు, మహా అయితే మద్రాసు వరకు వినిపిస్తుంది. మొగిలి పైకెక్కాడు, నేను కింద తాడు పట్టుకున్నాను. ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి నిలిచిన ఇనుము గనుక బోల్టులు కోయవలసి వస్తుందని రంపం కూడా తెచ్చుకున్నాడు. దాని అవసరమే రాలేదు. మొగిలి దిగివచ్చి, నల్లటి జిడ్డు అంటిన తన వేళ్ళు అన్నకు చూపించాడు.

"అన్నా, పైన యాడా తుప్పు లేదన్నా. చివరి బోల్టు దాకా కందెన పూసి పెట్టింది. పానాతో ఒక తిప్పు తిప్పితే, ఇంక వేళ్ళతోనే వచ్చేసినాయి."

అన్న ఆ వేళ్ళు తన చేతుల్లోకి తీసుకొని, ఆ జిడ్డును తన వేళ్ళకు అద్దుకున్నాడు.

ఎవరి కంటా పడని ఎత్తులో, ఎవరి మెప్పూ అందని చోట, పనిని అంత శుభ్రంగా నిర్వహించిన మహనీయురాలు మా వదిన. చదువుకున్న వంశమని గర్వించే మా ఇంట్లో అటువంటి శ్రద్ధ మరొకరికి అబ్బలేదు, ఇకపై అబ్బుతుందన్న ఆశా నాకు లేదు. మా అన్నకు పోయిన మాటను తెచ్చి ఇచ్చిన ఆ చేతులకు, నేల మీద క్షేమంగా విశ్రమించిన ఆ పాదాలకు, మరిదినైన నేను వంగి నమస్కరిస్తున్నాను.